లూపు, రీమిక్సు: ఒక పాటను విప్పి మళ్లీ కట్టడం

ఈ రోజుల్లో పెళ్లి ఊరేగింపైనా, వినాయక నిమజ్జనమైనా, మన కళాశాల వీడ్కోలు సభైనా రీమిక్సు పాట లేనిదే జరగడం లేదు. పెద్దవాళ్లు దాన్ని పాటను పాడుచేయడం అంటారు. కుర్రకారు అదే పాటకు ప్రాణం అంటారు. ఈ తగవు తీర్చడం నా వల్ల అయ్యే పని కాదు గానీ, అసలు ఆ పని ఎలా జరుగుతుందో, మనం తరగతిలో కంపనాలు, తరంగాలు అని చదువుకున్న పాఠం అందులో ఎంత ఉందో తెలుసుకుంటే తగవు పడేవాళ్లకు కూడా మంచిదే. ఒక మామూలు కంప్యూటరు, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను ఉన్న ఏ విద్యార్థి అయినా ఈ వ్యాసం చదివి ఒక సాయంత్రంలో తన మొదటి లూపు కట్టుకోగలగాలి. సంగీతం వచ్చి ఉండాలన్న నియమం లేదు. లెక్క పెట్టడం వస్తే చాలు.

1. లూపు అంటే ఏమిటి?

ఒక చిన్న శబ్దపు ముక్కను తీసుకుని, దాని తోకను దాని తలకే కలిపి, ఆగకుండా తిప్పుతూ ఉంటే అది లూపు. ఒక పాటలోని భాగాలను విడదీసి, కొన్నిటిని ఉంచి, కొన్నిటిని తీసేసి, కొత్తవి చేర్చి మళ్లీ కూరిస్తే అది రీమిక్సు. పేర్లు ఇంగ్లీషువే కాని పని మనకు కొత్తది కాదు. ఆదితాళంలో 8 అక్షరాలు పూర్తి కాగానే మళ్లీ సమానికి వస్తాం. బుర్రకథలో కథకుడు ఎంత దూరం పోయినా వంతలు ఒకే పలుకు దగ్గరికి అతన్ని తిరిగి లాక్కొస్తారు. ఇద్దరు ఆడవాళ్లు ఒక రోట్లో రోకళ్లు మార్చి మార్చి వేస్తూ పాడే దంపుళ్ల పాట ఉంది చూశారూ, ఆ రోకటి దెబ్బే వాళ్ల లూపు.

అయితే ఒక తేడా ఉంది. మనిషి వందసార్లు ఒకటే దరువు వేసినా ఏ రెండు దెబ్బలూ అచ్చం ఒకలా ఉండవు. యంత్రం వందసార్లు తిప్పితే వందసార్లూ ఒకటే. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీంతో పని పడుతుంది.

2. కొంచెం చరిత్ర

1948వ సంవత్సరంలో పారిస్ రేడియోలో పనిచేసే పియేర్ షేఫర్ అనే ఇంజనీరు రైలు ఇంజన్ల చప్పుళ్లను రికార్డుల మీదకు ఎక్కించి, వాటితోనే ఒక సంగీత రచన చేశాడు. గ్రామఫోను రికార్డు మీద గాడి మామూలుగా లోపలికి చుట్టుకుంటూ పోతుంది. దాన్ని ఒక మూసిన వలయంగా చేస్తే ముల్లు అక్కడక్కడే తిరుగుతూ ఒకే ముక్కను వినిపిస్తుంది. గీత పడిన రికార్డు మొరాయించినట్టే, కాకపోతే ఇది కావాలని చేసింది. తర్వాత టేపు వచ్చాక పని సులువైంది. టేపును బ్లేడుతో కోసి, రెండు కొసలు అతికించి యంత్రం మీద తిప్పేవాళ్లు.

1977లో బీ జీస్ బృందం 'స్టేయిన్ అలైవ్' పాట కడుతున్నప్పుడు వాళ్ల డ్రమ్ములాయన ఇంటికి వెళ్లవలసి వచ్చింది. అప్పుడు తమ 'నైట్ ఫీవర్' పాటలోంచి రెండే రెండు ఆవర్తాల దరువు తీసుకుని, టేపు లూపుగా కట్టి, పాట మొత్తం దాని మీదనే నడిపారు. రికార్డు మీద డ్రమ్ములవాడి పేరు వేయాలి గదా! లేని మనిషికి 'బెర్నార్డ్ లూప్' అని ఒక పేరు పెట్టేశారు. ఆ లూపు నిమిషానికి నూరుకు కాస్త పైన దెబ్బలతో నడుస్తుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే ప్రథమ చికిత్సలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి కాబట్టి, ఈనాటికీ ఆ శిక్షణలో ఈ పాటనే గుర్తుపెట్టుకోమంటారు.

రీమిక్సుకు పుట్టినిల్లు జమైకా దేశం. అక్కడి కింగ్‌స్టన్ నగరంలో రేడియోలు బాగుచేసే కింగ్ టబ్బీ అనే ఆయన 1970 ప్రాంతంలో రికార్డయిన పాటలో గొంతు తగ్గించి, దరువు, బేసు పైకి తెచ్చి, ప్రతిధ్వనులు కలిపి కొత్త పాట లాగ తయారుచేసేవాడు. అదే దేశం నుంచి న్యూయార్కు వలసపోయిన కూల్ హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద దరువు ముక్క అయిపోగానే రెండో దాని మీద అదే ముక్క మొదలుపెట్టి, చేతులతోనే లూపు నడిపించాడు. 1973 ఆగస్టు 11న వాళ్ల అపార్టుమెంటులో ఆయన చేసిన విందు నుంచే హిప్‌హాప్ పుట్టిందని అంటారు. మన దేశంలో బొంబాయి సినిమా వాద్యబృందాల్లో గిటారు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను రోలండ్ కంపెనీ యంత్రాల దరువు మీద వాయించి ఒక రికార్డు తెచ్చారు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దాదాపు 28 ఏళ్ల తర్వాత 2010లో అది మళ్లీ విడుదలై ప్రపంచమంతా విన్నది.

ఆ తర్వాత బ్లేడు, టేపు పోయి కంప్యూటరు వచ్చింది. 1997లో 'ఫ్రూటీ లూప్స్' (నేటి ఎఫ్.ఎల్. స్టూడియో), 2000లో 'ఆడాసిటీ', 2001లో 'ఏబుల్టన్ లైవ్' వచ్చాయి. వీటిలో ఆడాసిటీకి పైసా ఖర్చు లేదు. మన పాఠానికి అది చాలు.

3. శబ్దం అంకెలెలా అవుతుంది?

మైకు ముందు డప్పు కొడితే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులు విద్యుత్ హెచ్చుతగ్గులుగా మారతాయి. కంప్యూటరు ఆ విద్యుత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. ఈ కొలతలను శాంపిళ్లు అంటారు. 44,100 ఎందుకు? మనిషి చెవికి ఎక్కువలో ఎక్కువ సెకనుకు 20,000 కంపనాల దాకా వినిపిస్తాయి. ఒక కంపనాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలని నైక్విస్ట్ సూత్రం. అందుకని 40,000 దాటి కొంత వెసులుబాటు ఉంచుకున్నారు. ప్రతి కొలతకూ 16 బిట్లు కేటాయిస్తే 65,536 మెట్లు దొరుకుతాయి.

అంటే పాట అనేది కంప్యూటరు దృష్టిలో ఒక పొడవాటి అంకెల పట్టిక. లూపు కట్టడమంటే ఆ పట్టికలో ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని గీత గీసి, దాన్ని మళ్లీ మళ్లీ చదవమనడమే.

4. మొదటి లూపు

మొదటిసారి సినిమా పాట జోలికి పోకండి. మీ స్నేహితుడి చేత డప్పు గానీ, బల్ల గానీ, చప్పట్లు గానీ ఒక అరనిమిషం వాయించి సెల్‌ఫోనులో రికార్డు చేయండి. వీలైతే దాన్ని 'వేవ్' రకం ఫైలుగా ఉంచుకోండి. 'ఎంపీ3'గా మార్చేటప్పుడు ముందూ వెనకా కాస్తంత నిశ్శబ్దం చేరుతుంది. మామూలుగా వినేటప్పుడు అది తెలియదు గానీ, లూపు తిప్పినప్పుడు ప్రతి చుట్టుకూ ఎక్కిలి వచ్చినట్టు వినిపిస్తుంది.

మొదటి మెట్టు, వేగం కనుక్కోవడం. గడియారం చూస్తూ దెబ్బలు లెక్కపెట్టాలి. మొదటి దెబ్బను ఒకటి అనకండి, సున్నా అనండి. మనకు కావలసింది దెబ్బల మధ్య ఎడం. గుంజలు 21 పాతితే మధ్యలో ఖాళీలు 20 ఉంటాయి గదా, అలాగే ఇదీ. 20 దెబ్బలకు 12 సెకన్లు పట్టిందనుకుందాం. అప్పుడు ఒక్కో దెబ్బకు 0.6 సెకన్లు, అంటే నిమిషానికి 100.

రెండో మెట్టు, పొడవు కట్టడం. నాలుగు దెబ్బల లూపు కావాలంటే 4 × 0.6 = 2.4 సెకన్లు. దాన్ని 44,100తో గుణిస్తే 1,05,840 శాంపిళ్లు. మొదటి దెబ్బ ఎక్కడ లేచిందో తెర మీద అలల బొమ్మలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఈ పొడవు గుర్తు పెట్టండి. మిశ్రచాపు దరువైతే 7 దెబ్బలకు కట్టాలి. సాఫ్ట్‌వేరు నాలుగే చూపిస్తోంది గదా అని ఏడును నాలుగులో కుక్కితే కాలు తడబడుతుంది.

మూడో మెట్టు, అతుకు. లూపు చివర అంకె పెద్దదిగా ఉండి, మొదటి అంకె సున్నా దగ్గర ఉంటే, అతుకు దగ్గర తరంగం ఒక్కసారిగా గెంతుతుంది. ఆ గెంతే మనకు 'టిక్' అని వినిపిస్తుంది. అందుకని తరంగం సున్నా గీతను దాటే చోటనే కోయాలి. ఆడాసిటీలో 'జడ్' మీట నొక్కితే మీరు పెట్టిన గుర్తులు రెండూ దగ్గరలో ఉన్న సున్నా స్థానాలకు వాటంతట అవే జరుగుతాయి.

నాలుగో మెట్టు, వినడం. ఇటీవలి ఆడాసిటీలో 'ఎల్' మీటతో లూపు వాయింపు మొదలుపెట్టవచ్చు. కళ్లు మూసుకుని పది చుట్లు వినండి, పాదంతో తాళం వేయండి. ఒక చుట్టులో 10 మిల్లీసెకన్ల తేడా ఉంటే ఏమవుతుందిలే అనుకోకండి. దీని పక్కన ఇంకో దరువు నడిపిస్తే 16 చుట్లకు 160 మిల్లీసెకన్లు జారిపోతుంది. ఒక దెబ్బ 600 మిల్లీసెకన్లయినప్పుడు అది పావు దెబ్బకు పైమాట. వారానికి ఒక్క నిమిషం తప్పే గడియారం ఏడాది తిరిగేసరికి బస్సు తప్పిస్తుంది గదా.

అయిదో మెట్టు, పొరలు. ఈ లూపు కింద ఇంకో వరుసలో వేరే లూపు పెట్టండి. రెండోదాని పొడవు మొదటిదానికి సమానంగా గానీ, రెట్టింపుగా గానీ, సగంగా గానీ ఉంటే రెండూ కలిసి నడుస్తాయి. అంతే, మీ మొదటి కట్టుబడి పూర్తయింది.

5. వేగం, శ్రుతి

రెండు పాటలు కలపాలంటే వాటి వేగం ఒకటి కావాలి. నిమిషానికి 100 దెబ్బల పాటను 112కు తేవాలనుకోండి. పాతకాలం పద్ధతిలో రికార్డును 12 శాతం వేగంగా తిప్పితే పని అవుతుంది, కాని గొంతు సన్నబడుతుంది. ఎందుకంటే సెకనుకు వచ్చే కంపనాలు కూడా 12 శాతం పెరుగుతాయి. ఒక స్థాయిని 12 స్వరస్థానాలుగా విడదీస్తే ఒక్కో మెట్టుకు దాదాపు 6 శాతం పెరుగుదల. అంటే 12 శాతమంటే రెండు మెట్లు. షడ్జమంలో పాడిన మనిషి చతుశ్రుతి రిషభంలో పాడినట్టవుతుంది.

శ్రుతి మారకుండా వేగం మాత్రం మార్చడానికి వేరే ఉపాయం ఉంది. శబ్దాన్ని మిల్లీసెకన్ల లెక్కలో చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలను కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కించి, లేదా కొంచెం దూరం జరిపి పేరుస్తారు. దీనికే ఇంకో దారి 1966లో బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఫ్లానగన్, గోల్డెన్ చూపించిన 'ఫేజ్ వొకోడర్'. శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి, కాలం సాగదీసి మళ్లీ కూరుస్తారు. దేనికైనా హద్దు ఉంది. మరీ సాగదీస్తే డప్పు దెబ్బ పదును పోయి తడిసిన తోలు మీద కొట్టినట్టుంటుంది.

6. పాటలోంచి గొంతు తీయడం

స్టీరియో పాటలో ఎడమకొకటి, కుడికొకటి రెండు పట్టికలు ఉంటాయి. సాధారణంగా గాయకుడి గొంతును మధ్యలో పెడతారు, అంటే రెండింట్లోనూ సమానంగా. ఎడమ పట్టికలోంచి కుడి పట్టికను అంకెకు అంకె తీసివేస్తే సమానంగా ఉన్నదంతా సున్నా అయిపోతుంది. గొంతు మాయం! మనం ప్రయోగశాలలో చూసిన వినాశక వ్యతికరణమే ఇది. అయితే మధ్యలో పెట్టిన బేసు, డ్రమ్ములు కూడా గొంతుతో పాటే పోతాయి, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం దయ్యంలాగ మిగులుతుంది. ఇక 1950ల నాటి మన సినిమా పాటలు మోనో రికార్డింగులు. వాటి మీద ఈ లెక్క చేస్తే మిగిలేది నిశ్శబ్దమే.

2019లో డీజర్ కంపెనీ 'స్ప్లీటర్' అనే సాధనాన్ని ఉచితంగా విడుదల చేశాక ఈ పని మరో దారి పట్టింది. వేలకొద్దీ పాటలు విని, గొంతు ఎలా ఉంటుందో, డ్రమ్ము ఎలా ఉంటుందో నేర్చుకున్న యంత్రం వాటిని విడదీస్తుంది. 1970ల చివర్లో క్యాసెట్టు మీద పియానో వాయిస్తూ జాన్ లెనన్ పాడుకున్న గొంతును ఇలాంటి పద్ధతితోనే వేరుచేసి 2023లో బీటిల్స్ పాటగా విడుదల చేశారు.

7. నాట్ల పాట దగ్గర వచ్చే చిక్కు

ఇంతవరకు చెప్పింది లెక్క. లెక్క సరిపోని చోటు ఒకటుంది. రైతు ఇంట్లో పుట్టినవాణ్ని గనక అది నాకు తెలిసిన చోటే.

మడిలో నాట్లు వేస్తూ ఆడవాళ్లు పాడే పాటను ఫోనులో రికార్డు చేసి సాఫ్ట్‌వేరులో పెట్టి చూడండి. ఏ గీతకూ అది సరిపోదు. మొదట్లో నిమిషానికి 84 ఉన్నది చివరికి 90 కావచ్చు. చరణం చివర ఒకచోట అర దెబ్బ ఎక్కువ ఉంటుంది. ఎందుకని? అక్కడ నారు కట్ట విప్పుతారు, లేదా నడుము ఎత్తి ఊపిరి తీసుకుంటారు, లేదా గట్టు దగ్గరపడిందని చేతులు వేగం అందుకుంటాయి. ఆ పాటకు మెట్రోనోము లేదు, పనే తాళం.

ఇప్పుడు మన ముందు రెండు దారులు. ఒకటి, పాటను ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ సాగదీసో కుదించో సాఫ్ట్‌వేరు గీతలకు సర్దడం. ఊరేగింపు డీజే పాటల్లో ఎక్కువగా జరిగేది ఇదే. రెండోది, పాటను ముట్టుకోకుండా, పాటలో దెబ్బ ఎక్కడ పడిందో అక్కడ ఒక గుర్తు పెట్టుకుంటూ పోయి, మన డప్పు లూపునే చుట్టు చుట్టుకూ వంచడం. ఏబుల్టన్ లైవ్‌లో దీనికి తగిన గుర్తులు ఉన్నాయి. ఆడాసిటీలో అయితే ఒక్కో చుట్టుకు వేగం విడిగా మార్చుకోవాలి. ఓపిక కావాలి, ఒక పాటకు ఒక రాత్రి పడుతుంది.

నా అభిప్రాయం రెండో దారి. పాటను గీతకు సర్దితే వినడానికి నున్నగా ఉంటుంది, నిజమే. కాని ఆ అర దెబ్బతో పాటు వంగిన నడుమూ, తీసుకున్న ఊపిరీ పోతాయి. నాటు యంత్రాలు, విత్తనం వెదజల్లే పద్ధతులు వచ్చిన ఊళ్లలో ఆ పని ఇక పాటలోనే మిగులుతుంది. అక్కడి నుంచి కూడా దాన్ని చెరిపేసే హక్కు మనకెక్కడిది?

ఈ విషయంలో నాకు పాఠం చెప్పింది మా వీధిలో ఒక పెద్దమ్మ. "పెద్దమ్మా, మీ పాట కంప్యూటర్లో పెట్టి దరువు కలుపుతాను, సరేనా?" అని అడిగితే, "కలుపుకో నాయనా, మా మాట మాత్రం వినపడాల" అన్నది. ఒక్క ముక్కలో రీమిక్సు శాస్త్రమంతా ఉంది. మాట స్పష్టత ఎక్కువగా సెకనుకు 300 నుంచి 3,000 కంపనాల మధ్య ఉంటుంది. మన దరువులో ఆ పట్టీని 'ఈక్వలైజరు'తో కొంచెం తగ్గిస్తే, శబ్దం పెంచకుండానే గొంతు పైకి వస్తుంది.

8. ఎవరి పాట? ఎవరి పేరు?

1969లో వాషింగ్టన్‌కు చెందిన 'ది విన్‌స్టన్స్' బృందం పాటలో గ్రెగరీ కోల్‌మన్ అనే ఆయన వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్ము ముక్క ఆ తర్వాత వేల పాటల్లో లూపుగా తిరిగింది. ఆయన 2006లో చనిపోయే దాకా దాని మీద ఒక్క డాలరు కూడా అందలేదు. ఇంకోవైపు, తెలుగు 'మరో చరిత్ర' (1978) హిందీలో 'ఏక్ దూజే కే లియే' (1981) అయినప్పుడు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ కట్టిన పాటలోని వయొలిన్ల ముక్కను బ్రిట్నీ స్పియర్స్ 'టాక్సిక్'లో తీసుకున్నారు. ఆ హిందీ పాట పాడినవారు లతా మంగేష్కర్, మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారు. 'టాక్సిక్'కు 2005లో గ్రామీ వచ్చింది. 2002 నాటి 'అడిక్టివ్' అనే అమెరికా పాటలో బప్పీ లహరి స్వరపరచిన పాట ముక్కను పేరు చెప్పకుండా వాడుకుంటే, ఆయన పేరు వేసేదాకా అమ్మకాలు ఆపమని 2003లో లాస్ ఏంజిలిస్ కోర్టు ఆదేశించింది.

మన దేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసినవారికి, స్వరపరచినవారికి వారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు. ధ్వనిముద్రణకు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. పాడినవారికి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు. జానపద గీతానికి కర్త తెలియకపోవచ్చు, కాని మీ ఫోనులో పాడిన మనిషి ఎవరో మీకు తెలుసు. ఆమె ఒప్పుకోలు, ఆమె పేరు లేకుండా ఆ గొంతును లోకం మీదకు వదలకూడదు.

9. చివరిగా చెవి మాట

85 డెసిబెళ్ల చప్పుడును రోజుకు 8 గంటలకు మించి వినకూడదని ఆరోగ్యశాస్త్రజ్ఞుల లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్లకు మిగిలేది 15 నిమిషాలే. హెడ్‌ఫోనుతో లూపు కట్టేవాళ్లు గంటకోసారి చెవికి విశ్రాంతి ఇవ్వాలి. చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ మొలవవు. మనం కోసిన వరి దుబ్బు పిలకలేస్తుంది గానీ, ఇది వేయదు.

మిత్రులారా! సాఫ్ట్‌వేరు ఇప్పుడు అందరి చేతిలో ఉంది. వచ్చే సంక్రాంతి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక్కొక్కరు ఒక్కొక్క పాట రికార్డు చేసుకురండి. నాట్లదో, దంపుళ్లదో, బతుకమ్మదో, మీ నాయనమ్మ పాడే జోలపాటో ఏదైనా సరే. దాని పక్కన పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. ఏ దరువూ కలపని అసలు ప్రతిని ముందు భద్రంగా దాచండి. ఆ తర్వాతే కత్తెర పట్టండి. రీమిక్సును ఎప్పుడైనా మళ్లీ కట్టుకోవచ్చు. అసలు పాట పోతే మాత్రం కట్టడానికి ఏమీ ఉండదు.